నవాహోల రాజ్యాంగ చర్చ

రాజ్యాంగము లేని ప్రభుత్వము కలదా యని యడిగినచో లేదనియే మనలో పెక్కుమంది చెప్పుదురు. కాని అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరృతి భాగమున ఆరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రములు మూడింటను వ్యాపించి, సుమారు 27,000 చదరపు మైళ్ల భూమిపై తన యధికారమును నడుపుచున్న నవాహో జాతికి నేటికిని లిఖిత రాజ్యాంగము లేదు. వారి కధ్యక్షుడు కలడు. 24 మంది సభ్యులుగల కౌన్సిలు కలదు. న్యాయస్థానములు, పోలీసులు, పన్నులు, సంపుటములకొలది చట్టములు కలవు. ఇన్నిటికిని తలమానికమైన శాసనము మాత్రము లేదు. దానిని వ్రాయవలెనను ప్రయత్నములు 1930లనుండి పలుమారు జరిగినవి, ఏదో యొక కారణమున ప్రతిసారియు నిలిచిపోయినవి. వ్రాయవలెనా వలదా, వ్రాసినచో నెవరు వ్రాయవలెను, ఎవరి యామోదమున నది చెల్లవలెను అను చర్చ యింకను తెగలేదు. ఈ విషయముతో మన పాఠకులకేమి ప్రసక్తియని కొంద రడుగవచ్చును. పరుల యేలుబడినుండి వెలువడి తన శాసనమును తాను వ్రాసికొన్న దేశపు ప్రజలకు ఈ జాతి సంకటము పరాయి విషయము కాజాలదని మా యభిప్రాయము.

వీరిని గూడ లోకము ‘ఇండియను’లనియే పిలిచినది. త్రోవ తప్పిన నావికుడొకడు మన పేరును తీసికొనిపోయి వారికి తగిలించెను. వారు తమ్ము ‘దినే’ యని చెప్పుకొందురు. ప్రజలని దాని యర్థము. 2021వ సంవత్సరమున వారి జాబితాయం దెక్కిన జనసంఖ్య నాలుగు లక్షలకు చేరువయైనది.

వారి చరిత్రలో రెండు పత్రముల కథ తెలిసిననే గాని నేటి చర్చ బోధపడదు. మొదటిది సంధిపత్రము. 1863, 64 సంవత్సరములలో కిట్ కార్సను నాయకత్వమున అమెరికా సైన్యము దినేల పంటలను తగులబెట్టి, పండ్లతోటలను నరికి, మందలను చంపి, ఆకలిచేత వారిని లొంగదీసినది. ఎనిమిదివేల మందికి పైగా స్త్రీ బాల వృద్ధులను సుమారు మూడు వందల మైళ్లు నడిపించి, పెకోసు నదీతీరమున బాస్కె రెడాండో యను బయలున నిర్బంధించిరి. అచ్చట నీరు ఉప్పు, పైరు పురుగుల పాలు. వేలకొలది జనులు మరణించిరి. 1868 మే నెలాఖరున జనరలు షర్మను సంధికి వచ్చినపుడు, మఱియొక దూరప్రదేశమునకు పొండని యాతడు సూచింపగా, బార్బన్సీటో యను నాయకుడు తమ జన్మభూమికి తప్ప మఱెచ్చటికిని తమ్ము పంపవలదని పట్టుపట్టెను. ఆ పట్టుదలయే గెలిచినది. తరిమివేయబడిన జాతులలో తిరిగి స్వస్థలమునకు చేరుకొన్నవి మిక్కిలి తక్కువ, దినేలు చేరుకొనిరి. అందుచేత ఆ సంధిపత్రము వారికి కేవలము కాగితము కాదు.

రెండవ పత్రము ఇంత గౌరవముగలది కాదు. ఇప్పటి కౌన్సిలు పుట్టుకను గూర్చిన దది. 1920 దాటిన తరువాత షిప్‌రాక్ ప్రాంతమున భూగర్భమున చమురు కలదని తెలియగానే కంపెనీలు కౌళ్లకై ఎగబడినవి. చట్టప్రకారము ఆ జాతి సమ్మతి కావలెను. జనులు సమావేశమై చాల ప్రతిపాదనలను త్రోసిపుచ్చిరి. ఇందఱిని సమ్మతింపజేయుట కష్టమని కనుగొన్న వాషింగ్టను ప్రభుత్వము, సమ్మతి నీయగల యొక చిన్న సభను తానే కల్పించినది. పన్నెండుగురు ప్రతినిధుల కౌన్సిలు 1923 జూలై 7వ తేదీన తొలిసారి కూడినది. ప్రభుత్వ కమిషనరు ఎదుట లేనిదే అది కూడరాదు. తొలి సమావేశమున అది చేసిన ముఖ్యకార్యమేమి? జాతి పక్షమున చమురు కౌళ్లపై సంతకము చేయు నధికారమును హాగర్మను అను ఆ కమిషనరునకే ధారపోయుట! సంతకము పెట్టుటకై పుట్టించిన సభ ఆ సంతకమును సయితము పరుని చేతికిచ్చి లేచినది. ఆ సభకు అధ్యక్షత వహించిన చీ డాడ్జి మొదలగువారు తమ జాతికి ద్రోహము తలచిన వారని మే మనము. వారికి దొరకిన పీఠమే యట్టిది. కాని నేడు విండోరాక్ రాజధానియందు నడచుచున్న కౌన్సిలు వంశవృక్షమును పరిశీలించినచో దాని వేరు ఈ సమావేశముననే కనబడును. ప్రజలు కూడి తమకొక సభ కావలెనని నిర్ణయించిన దినము ఆ చరిత్రలో లేదు. రాజ్యాంగము కావలెనను వారి మొదటి వాద మిదియే, మా దృష్టిలో బలమైన వాదమును ఇదియే.

తరువాతి ఘట్టము మనకు చిరపరిచితమువలె తోచును. 1934లో అమెరికా ప్రభుత్వము ఆదిమజాతుల పునర్వ్యవస్థ చట్టమును చేసి, అందఱును రాజ్యాంగములు వ్రాసికొనుడని పిలిచినది. పిలుపు తీయనిదే. కాని అదే సమయమున, అదే ప్రభుత్వము, అదే కమిషనరు జాన్ కోలియరు, మేతభూమి కోసికొనిపోవుచున్నదను కారణముచేత దినేల గొఱ్ఱెలను మేకలను లక్షలకొలది తగ్గింపజొచ్చెను. కొన్ని చోట్ల మందలను కాల్చి అచ్చటనే వదలిరి. గొఱ్ఱె వారికి తిండి, బట్ట, పడుచుపిల్లల యాస్తి. ఒక చేత గొఱ్ఱెను లాగికొనుచు మఱియొక చేత స్వపరిపాలన నందించువానిని ఎవరు నమ్ముదురు? 1935 జూనులో వోట్లు తీయగా అనుకూలముగా 7,679, ప్రతికూలముగా 8,197 వచ్చినవి. 518 వోట్ల తేడాతో చట్టము తిరస్కృతమైనది. ఆ సంవత్సరముననే ఇంగ్లండు పార్లమెంటు మనకొక శాసనమును వ్రాసి పంపినదని పాఠకులు ఎఱుగుదురు. పైనుండి దిగివచ్చిన వరమును చూచి జంకుట మూఢత్వము కాదని అనుభవజ్ఞులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

వింత యేమన, పరుల పద్ధతిని కాదన్న దినేలు తమ పద్ధతిని రాజ్యాంగము వ్రాయుటకు పూనుకొనిరి. 1937లో చిత్తుప్రతి సిద్ధమైనది. ఆదిమజాతుల వ్యవహారములకు కర్తయైన ఇంటీరియరు శాఖామాత్యుడు హెరాల్డు ఇక్సు దానిని అంగీకరింపలేదు. దానికి మారుగా 1938లో తన శాఖనుండి కొన్ని నిబంధనలను జారీచేసి, 74 మంది సభ్యుల కౌన్సిలు నేర్పఱచెను. వ్రాసికొనుడని పిలిచినవారే వ్రాసికొన్నదానిని పక్కకు నెట్టిరి. 1950లో కాంగ్రెసు చేసిన నవాహో హోపీ చట్టమున మఱల నవకాశమిచ్చిరి: కౌన్సిలు చిత్తు వ్రాయవచ్చును, జనులు రహస్యముగా వోట్లు వేయవచ్చును, కాని శాఖామాత్యుడు ఆమోదించిన పిమ్మటనే అది అమలులోనికి వచ్చును. తలుపు తెఱచి తాళపుచెవిని తమ మొలలోనే యుంచుకొనిరన్నమాట. ఆ తరువాత సాగిన చిత్తులు, కమిటీలు, ఫలితము లేని సమావేశములు అన్నియు నిచ్చట వర్ణింప పని లేదు.

ఇంతవఱకు చదివినవారు రాజ్యాంగమును వ్యతిరేకించువారిని ప్రగతివిరోధులని తలపవచ్చును. అది న్యాయము కాదు. వారి వాదమునకు 1985లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానముననే ఊత దొరకినది. నవాహో కౌన్సిలు 1978లో తన భూమిపై వ్యాపారము చేయు కంపెనీలపై పన్నులు విధింపగా, కెర్ మెగీ కంపెనీ కోర్టున కెక్కి, శాఖామాత్యుని యామోదము లేని పన్ను చెల్లదని వాదించినది. న్యాయస్థానము పన్ను చెల్లునని తీర్పు చెప్పెను. కారణము వినదగినది. 1934 చట్టముక్రింద రాజ్యాంగములు వ్రాసికొన్న జాతులు పెక్కింటి శాసనములలో శాఖామాత్యుని యామోదము కావలెనను నిబంధన చేరియున్నది. నవాహోలకు అట్టి శాసనమే లేదు గనుక అట్టి సంకెలయు లేదు! 1935లో ఆ 518 మంది అటు కాక ఇటు మొగ్గియున్నచో, ఏబది యేండ్ల తరువాత వారి మనుమలకు ఆ పన్ను దక్కియుండునో లేదో.

ఆ యామోదము విలువ యెట్టిదో తెలిసికొనుటకు బొగ్గు వ్యవహారము చూడుడు. 1964లో పీబడీ బొగ్గు కంపెనీకిచ్చిన కౌలులో నవాహోలకు ముట్టునది టన్నునకు 37½ సెంట్లకు మించదు. ఇరువది యేండ్లు గడచి దానిని సవరించుకొను గడువు వచ్చినపుడు, బొగ్గు విలువలో నూటికి 20 వంతులు న్యాయమని ఆ శాఖాధికారులే తేల్చిరి. 1985లో నాటి శాఖామాత్యుడు డోనాల్డు హోడెలు కంపెనీ ప్రతినిధితో ఏకాంతమున మాటలాడెను. ఆ నిర్ణయము అటకెక్కెను. సంగతి తెలియని కౌన్సిలు 1987లో నూటికి పండ్రెండున్నరకు ఒప్పుకొనినది. 2003లోను 2009లోను సర్వోన్నత న్యాయస్థానము నష్టపరిహారము లేదనినది. సంరక్షకుడని పేరుపెట్టుకొన్నవాని ముద్ర యిట్టిది. మఱి 1944 మొదలు నాలుగు దశాబ్దములు యురేనియము త్రవ్విపోసి, 500లకు పైగా పాడుగనులను వదలిపెట్టి, నీటిని గాలిని విషము చేసినదియు ఈ యామోదముల నీడనే గదా. ఆ త్రవ్వకమును తమ భూమిపై నిషేధించుచు 2005లో శాసనము చేసినది రాజ్యాంగము లేని యీ కౌన్సిలే. కావున అలిఖిత వ్యవస్థ వారిని వెలుపలి పెత్తనమునుండి కొంతవఱకు కాపాడినదని మేము నిస్సందేహముగ నంగీకరింతుము.

లోపలి పెత్తనమునుండి కాపాడినదా? ఈ ప్రశ్నకు 1989 జవాబు చెప్పినది. నాటి అధ్యక్షుడు పీటర్ మాక్డోనాల్డు అసాధారణుడు. జపానుతో జరిగిన యుద్ధమున దినే భాషతో గూఢవార్తలు నడపిన వీరదళమునకు చెందినవాడు. కంపెనీలను గట్టిగా నిలదీసిన నాయకుడు. ఆతడే, మూడు కోట్ల 34 లక్షల డాలర్లకు జాతిచేత ఒక పెద్ద పశువుల క్షేత్రమును కొనిపించిన వ్యవహారమున లంచగొండితనపు నేరారోపణలకు లోనయ్యెను. అమ్మినవాడు అంతకంటె చాల తక్కువకు దానిని కొని, వెంటనే వీరికంటగట్టెను. 1989 ఫిబ్రవరిలో కౌన్సిలు ఆతనిని పదవినుండి సెలవుపై పంపగా, అట్లు పంపు నధికారము మీకెక్కడిదని ఆతడు ప్రశ్నించెను. సమాధానము చెప్పుటకు పుస్తకమున పుటయే లేదు. జూలై 20వ తేదీ రాత్రి విండోరాకులో ఆతని పక్షమువారికిని పోలీసులకును ఘర్షణ జరిగి యిద్దఱు చనిపోయిరి. ఆ తరువాత న్యాయస్థానములు ఆతనికి శిక్షలు విధించినవి.

ఆ భయముతో 1989 డిసెంబరున కౌన్సిలు అధికారమును మూడు శాఖలుగా విభజించినది. మంచిదే. కాని ఆ విభజనము చేసినదియు కౌన్సిలే. చేసిన చేయి చెఱపను వచ్చును. ఇరువది యేండ్లు తిరుగకమున్నే అది రుజువైనది. 88 మంది సభ్యులు ఎక్కువ, 24 మంది చాలునను ప్రతిపాదనను అధ్యక్షుడు జో షర్లీ ప్రజలయొద్దకు తీసికొనిపోయెను. 2009 అక్టోబరులో, కొన్ని కంట్రాక్టులపై వచ్చిన యారోపణలను కారణముగా జూపి, కౌన్సిలు ఆతనిని పదవినుండి సెలవుపై పంపెను. డిసెంబరు 15వ తేదీన ప్రజలు వోటువేసి కౌన్సిలును 24కు తగ్గించిరి. అయినను వివాదము 2010 మే నెలలో నవాహో సర్వోన్నత న్యాయస్థానము ప్రజల తీర్పే చెల్లునని చెప్పువఱకు తెగలేదు.

ఆ న్యాయస్థానము దేనిని ఆధారముచేసికొని యట్లు చెప్పగలిగెను? ఇదియే యీ చర్చయందలి రసవత్తరమైన భాగము. అనాదిగా దినేలు పాటించు ధర్మమును కౌన్సిలు 2002లో తన చట్టసంపుటమున ‘దినే మూల ధర్మము’ అను పేర గుర్తించినది. దేవతలిచ్చిన ధర్మము, ఆచారధర్మము, ప్రకృతిధర్మము, సామాన్యధర్మము అని దానికి నాలుగు భాగములు. బంధుత్వము దానికి పునాది; ‘కె’ యని వారి మాట. మన పల్లెలలో వరుస కలిపి పిలిచినట్లే వారును క్రొత్తవాడు కనబడగానే తల్లి గోత్రమును తండ్రి గోత్రమును చెప్పుకొని వరుస తేల్చుకొందురు. నాయకుని ‘నాటాని’ యందురు. మాటచేత ఒప్పించుటయే గాని బలముచేత లొంగదీయుట వానికి లేదు. శాంతినాయకులును యుద్ధనాయకులును కూడు ‘నాచిద్’ అను పెద్దసభ అమెరికా సైన్యము వచ్చుటకు పూర్వము జరుగుచుండెడిది. అధికారము జనులదియని, నాయకుని చేతిలో నున్నది అప్పగింతయే యని ఈ ధర్మమునుండియే న్యాయమూర్తులు గ్రహించిరి. మన రాజ్యాంగసభలో 1946 డిసెంబరున జైపాల్ సింగు, ఆదివాసులకు ప్రజాస్వామ్యము నేర్పనక్కఱలేదనియు వారియొద్దనే నేర్చుకొనవలెననియు పలికినపుడు కొందఱు దానిని అలంకారమనుకొని యుందురు. విండోరాకు తీర్పు చదివినచో అలంకారము కాదని తోచును.

అయితే, మూలధర్మము ఉండగా రాజ్యాంగమెందుకని కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. దేవతలిచ్చినదానిని మనుష్యులు వోటుకు పెట్టుట యేమి యనియు వారి బాధ. ఆ బాధను మేము గౌరవింతుము. కాని ఆ ధర్మమును చట్టసంపుటమున చేర్చినది మఱల ఆ కౌన్సిలే. 2010లో న్యాయస్థానములు దానిని ప్రయోగించుటకు హద్దులు గీయజూచినదియు ఆ కౌన్సిలే. నాడు న్యాయమూర్తులు నిలిచిరి కనుక నిలిచినది. పర్వతములంత పాతదైన ధర్మమును సభలోని యొక పూట వోట్లకు వదలివేయుట దానికి గౌరవమా?

మా యభిప్రాయమును దాపఱికము లేక చెప్పుదుము. నవాహోలు రాజ్యాంగము వ్రాసికొనవలెను. అది దీర్ఘమైనదిగా నుండనక్కఱలేదు. ఫిలడెల్ఫియాలో 1787న వ్రాసినదానికి నకలుగా అసలే యుండరాదు. అధ్యక్షుడుండవలెనా, పెద్దల సభ యుండవలెనా, అధికారమెంత విండోరాకునకు, ఎంత ‘చాప్టరు’లని పేరొందిన 110 స్థానికసభలకు అను విషయములు వారి యిష్టము, దూరమునుండి సలహాలు చెప్పుట మాకు శోభింపదు. రెండు సంగతులు మాత్రము అందులేనిచో వ్రాసిన శ్రమ వ్యర్థము. కౌన్సిలు తన యధికారపు హద్దులను తానే మార్చుకొనరాదు, మార్పవలసినచో జనులు మార్పవలెను. వాషింగ్టను శాఖామాత్యుని యామోదముతో దాని ప్రాణమును ముడివేయరాదు. 1950 చట్టపు త్రోవను బోయినచో రెండవది దక్కదు. 1985లో నిలుపుకొన్నదానిని చేజేతులార వదలుకొనుటకంటె, వ్రాయకుండుటయే మేలని కూడ చెప్పుటకు మేము వెనుదీయము.

మూడవది భాష. 2014లో అధ్యక్షపదవికి పోటీచేసి మొదటి విడత వోట్లలో రెండవ స్థానమునందిన యభ్యర్థి దినే భాషయందు ధారాళత చూపలేదని పోటీనుండి తొలగింపబడెను. వయోవృద్ధులు సరేయనిరి, యువకులలో పెక్కుమంది, మా పాఠశాలలే మా నోటినుండి భాషను తీసివైచినవి, ఆ నేరమునకు మాకా శిక్ష యని వాపోయిరి. 2015 జూలైలో జనులు వోటువేసి, అభ్యర్థి భాషాజ్ఞానమును వోటరులే నిర్ణయించుకొందురని తీర్మానించిరి. ఆ తీర్పుతో మాకు పేచీలేదు. మాటరాని బిడ్డను ఇంటినుండి వెళ్లగొట్టుట తల్లిభాషను కాపాడుట కాదు. కాని శాసనము సంగతి వేఱు. 1949 నవంబరు 26న మన రాజ్యాంగము ఆంగ్లముననే యంగీకృతమైనది. తన హక్కేదో తెలిసికొనుటకు తెలుగు రైతు నేటికిని ప్లీడరు మొగము చూడవలసియున్నది. ఆ పొరపాటును దినేలు చేయనక్కఱలేదు.

ఇండ్లలో మూడింట నొక వంతునకు కొళాయి నీరులేని చోట రాజ్యాంగ చర్చలేమిటి, ముందు నీరు తెండనువారును గలరు. వారి కోపము సహజమే. అయితే 2023 జూను 22వ తేదీన అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఏమి చెప్పినది? 1868 సంధి ప్రకారము నవాహోలకు నీటిని సమకూర్చుటకై చర్యలు గైకొనవలసిన బాధ్యత సంయుక్త రాష్ట్రములకు లేదని, అయిదుగురు న్యాయమూర్తులు ఒక ప్రక్కను నలుగురు మఱియొక ప్రక్కను నిలిచి, తీర్పిచ్చిరి. కొలరాడో నదీజలములకై ఇక బేరమాడవలసిన పనియు, ఒప్పందములపై సంతకము చేయవలసిన పనియు వారి ప్రభుత్వముదే. ఆ సంతకము చేయు చేయి ఎవరిచేత నియుక్తమైనదో, ఎవరికి జవాబుదారియో తేలకున్నచో, 1923 నాటి చమురు కౌళ్లకును రేపటి నీటి యొడంబడికలకును భేదమేమి?

చిత్తుప్రతి యెన్నడు సిద్ధమైనను దానిని మొదట చాప్టరు గృహములలో దినే భాషయందు చదివి వినిపింపవలెను. ఒక దినమున తేల్చవలెనని తొందరపడక, గొఱ్ఱెల మేతకు పోయినవారు తిరిగి వచ్చి మాటలాడునంత గడువీయవలెను. 1868లో బార్బన్సీటో పలికిన దినే మాటలను ఒక దుబాసీ స్పానిషులోనికి మార్చెను. ఆ స్పానిషును మఱియొక దుబాసీ ఇంగ్లీషులోనికి మార్చెను. షర్మను జవాబు అదే త్రోవను వెనుకకు నడచి వచ్చినది. నడుమ నేమేమి జారిపోయినదో చెప్పగలవారు నేడెవరును లేరు. ఈమాఱు వ్రాయబోవు పత్రమునకు దుబాసీలు అవసరమైనచో, ఆ యవసరము వాషింగ్టనువారికి కలుగవలెను గాని దినేలకు కాదు.